ఒక్క మెతుకు పట్టి చూస్తే

1999 వేసవి. భిలాయి సెక్టర్ 6 క్వార్టర్ వరండాలో కూర్చుని ఆమె పేపరు చదువుతోంది. ఆమె పేరనున్న ఇండెక్స్ ఫండ్ అమ్మకం కాగితం ముందు పెట్టి, సంతకం చెయ్యమని అన్నయ్య నెత్తిమీద నిలబడ్డాడు.

"షేర్ల బజారంతా మునిగిపోతందే. ఇప్పుడే అమ్మీసీ."

"ఎవులు సెప్పారు భయ్యా?"

"ఒకలు సెప్పాలేటి? నా సిమెంటు షేరు సగానికి పడిపోనాది. అన్నం ఉడికిందో నేదో ఒక్క మెతుకు పట్టి సూస్తే తెల్దా?"

"బజారు అన్నం కుండ కాదు భయ్యా, మన మరోదా సంత. టమాటా కుళ్లిపోయిన రోజే ఉల్లి ధర పెరుగుతాది. నా ఫండ్‌లో పెద్ద కంపెనీలన్నీ తలా కొంచెం ఉన్నాయి. మొత్తం సంత ఎలాగుందో అదే సెప్తాది. ఇదిగో, పేపర్లో సూడు. నెల్లాళ్ల బట్టీ పెరుగుతూనే ఉంది."

అతను పేపరు వంక చూడనే లేదు.

"నీకేటి తెల్సే? అది అమ్మీసి నా షేరే ఇంకొంచెం కొందాం. ఇప్పుడు సస్తాగా, సగం ధరకే వస్తంది."

"మునిగిపోతన్న బజార్లో కొంటావేటి?"

అతను లోపల నాన్న ఉన్న గది వైపు దొంగచూపు చూశాడు.

"నాన్న గ్రాట్యుటీ కూడా ఆ సిమెంటులోనే పోసీసినావా?"

"మెల్లిగా మాటాడు! బజారే పడిపోనాదని నాన్నకి సెప్పాను. నువ్వు కూడా అదే సెప్పు."

"సెప్పను. సంతకం కూడా పెట్టను."

ఆమె పేపరు మడిచి అతని చేతిలో పెట్టి, లోపలికి వినబడేలా కేకేసింది.

"నాన్నా, ఒకపాలి ఇలాగ రా! బజారు ఎలాగుందో భయ్యా పేపరు సదివి సెప్తాడట."