గేటు దాటిన జీపు

ఎయిర్‌పోర్టు గేటు పక్కన ప్రసన్నకుమారి టీ కొట్టులో హోంగార్డు బంగార్రాజు గ్లాసు పట్టుకుని నోరు తెరిచాడంటే, పక్కవాడి టీ చల్లారిపోవాల్సిందే. అతను నడిపే ఎయిర్‌పోర్టు పోలీసు ఔట్‌పోస్టు జీపు వెనకాలే ఆగి ఉంది. బల్ల చివర కూర్చున్న కొత్త మనిషిని అతను పట్టించుకోలేదు.

ఆ మనిషి లాజరు, అంబులెన్సు డ్రైవరు. రోడ్డు మీద ఆరబోసిన ధాన్యం తొక్కించేశాడని పది రోజుల కిందట ఓ రైతు కేసు పెడితే, యజమాని బండి తాళాలు లాక్కుని కేసు తేలేదాకా రావద్దని ఇంటికి పంపేశాడు. ముందు ఎయిర్‌పోర్టు పోలీసు జీపు దారి తీసింది, నేను దాని వెనకే వెళ్లానండి అని ఎంత మొత్తుకున్నా, ఎయిర్‌పోర్టు జీపుకి గేటు బయట ఏం పని అని స్టేషన్లో కొట్టిపారేశారు.

"విమానం దిగిన పెద్దాయనకి గుండెనొప్పండి," అని అందుకున్నాడు బంగార్రాజు. "అంబులెన్సు వచ్చింది గాని, డ్రైవరు ఉత్త పిరికి సన్నాసి. నా వెనకే రారా అని మైకులో కేకేసి సైరన్ వేశాను."

లాజరు పళ్లు నూరుకున్నాడు.

"గేటు బయట మీకు పవరుందాండి?" అన్నాడు రోజూ వచ్చే చంద్రరావు మాస్టారు.

"పవరా! సైరన్ వినపడినంత మేరా నాదేనండి పవరు! ఆ తర్వాత ఏమైందో తెలుసా? రామచంద్రపురం దారిలో అర కిలోమీటరు ధాన్యం ఆరబోశారు. ఆగానా? అబ్బే! ఆ స్పీడుకి ఊక ఓ పక్క, బియ్యం ఓ పక్క, తవుడు తిన్నగా గేదెల కుడితి తొట్టిలో! మిల్లుకెళ్లే పని తప్పిందని రైతు దణ్ణం పెట్టాడండి."

"నూకలేం రాలేదాండి?"

"ఒక్కటంటే ఒక్కటి లేదు! వంతెన మీద ట్రాక్టరు అడ్డమొస్తే విజిలేశాను, కాలువ నీళ్లు ఠక్కున ఆగిపోయాయి, మేం వాటి మీంచే వెళ్లిపోయాం. ఆస్పత్రిలో దిగి చూస్తే పెద్దాయనకి నొప్పే లేదు. మమ్మల్ని అందుకోలేక అది ఎయిర్‌పోర్టులోనే ఉండిపోయింది!"

అందరూ పడీపడీ నవ్వారు. లాజరు నవ్వలేదు. ఇన్ని కోతల మధ్య ఆ ధాన్యం మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని అతనికి అనుమానం పట్టుకుంది. లేచి జీపు చుట్టూ తిరిగాడు, వెనక చక్రం దగ్గర వంగి చూశాడు.

"ఆ పిరికి సన్నాసిని నేనేనండి," అన్నాడు వెనక్కొచ్చి. "నా ఉద్యోగం పోయేలా ఉంది. ముందు వెళ్లింది మీరేనని రేపు స్టేషన్‌కొచ్చి చెప్పండి, చాలు."

బంగార్రాజు మిగిలిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "ఏదో సరదాకి కోశానండి బాబూ! బయట దారి తీయడానికి నాకు ఆర్డరెక్కడిది? ఆ గేటూ, ఈ టీ కొట్టూ, అంతే. ఇది దాటి ఈ జీపు అడుగేసి నెల దాటింది. మరిడమ్మ తల్లి మీదొట్టు!"

"ఆయ్. మరి ఇదేంటండీ?"

చక్రం పైన రేకు సందులో, ఎండిన బురదలో ఇరుక్కున్న వడ్లు మొన్నటి వానలకి వేలెడు పొడుగున పచ్చగా మొలిచి ఉన్నాయి. లాజరు ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. సాక్షిగా నేనొస్తానండి అన్నాడు చంద్రరావు.

ప్రసన్నకుమారి వచ్చి బంగార్రాజు చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది.

"వడ్లన్నీ బియ్యమైపోయాయన్నారు కదండీ బంగార్రాజు గారూ. బియ్యం ఎక్కడైనా మొలుస్తాయాండి?"