ఎంటర్ కొట్టిన వేలు

కొట్టు మూసి వచ్చిన తండ్రి జగ్గయ్యపేట ఇంటర్నెట్ సెంటర్లో కూతురి కాలేజీ సీటు ఫారం టైపు చేస్తున్నాడు. కూతురు పక్కనే నిలబడి కాలేజీ కోడ్‌లు చెబుతోంది.

"ఎంటర్ కొట్టకు నాన్నా."

"కొట్లో లెక్కలేసేటప్పుడు ఎంటర్ కొడితేనేగా పక్క గడికి పోయేది?"

"ఇక్కడ అలా కాదు."

"నిన్న ఆ మూల కంప్యూటర్లో కొట్టా, ఏం కాలేదే!"

"దాంట్లో బ్రౌజర్ వేరు. దీంట్లో కొడితే ఫారం వెళ్లిపోద్ది, మళ్లీ మార్చనివ్వరు."

"సరేలే. కింద గడిలో మన ఊరి కాలేజీ వేసేసా."

"ఇక పై గడిలో విజయవాడది వెయ్యి..."

టక్కుమంది.

"నాన్నా!"

"అలవాటమ్మా, చెయ్యి ఆగలేదు."

తెర మీద ఒక్క కాలేజీ పేరే మిగిలింది.

"ఇప్పుడెలా?"

"పోనీలే, ఇంటి నుంచే వెళ్లి రావచ్చు."

తండ్రి గొంతులో కంగారు ఏ కోశానా లేదు.