గొళ్ళెం పక్కన కన్నాలు

ఫోటోలు తీసుకోవడానికి ఒక్కతే కొండలకు బయల్దేరుతున్న మనవరాలు, నలభై ఏళ్లు తలుపులు బిగించిన వడ్రంగి తాతకు ఫోన్‌లో లాడ్జి గది చూపించింది.

"అన్నిట్లోకీ చవక ఇదే తాతయ్యా. కిటికీలోంచి వెలుగు ఎలా పడుతోందో చూడు!"

"కిటికీ సరేనమ్మా. ఆ తలుపు పెద్దది చెయ్యి."

"తలుపుకేం? కొత్త రంగేశారుగా."

"అదే నా గుబులు. రంగు కింద, గొళ్ళెం పక్కన నాలుగు కన్నాలు చూడు. పాత గొళ్ళెం అక్కడుండేది."

"తుప్పు పట్టి మార్చుంటార్లే."

"విప్పి మారిస్తే కన్నం గుండ్రంగా ఉంటుంది. ఇవి చీలిపోయాయి. లోపల ఎవరో గొళ్ళెం పెట్టుకుని ఉండగా బయటినుంచి తలుపు తోసేశారు తల్లీ."

ఆమె ఆ కన్నాలను ఇంకా పెద్దవి చేసి చూసింది. వారం నుంచీ ఈ ఫోటో చూస్తున్నా, కిటికీ తప్ప ఇంకేదీ కంటికి ఆనలేదు.

"నన్ను వెళ్లొద్దంటావా?"

"వద్దంటే ఆగే రకమా నువ్వు? ఇంకో గది చూపించు."

రెండో లాడ్జి ఫోటోలు తెరిచింది. మంచం, అద్దం, పూలకుండీ, కిటికీ. ఈసారి ముందుగా తలుపు కోసమే వెతికింది. ఏడు ఫోటోల్లో ఒక్కదాంట్లోనూ తలుపు లేదు.

"తాతయ్యా..."

"చూశానమ్మా. ఫోన్ చేసి తలుపు ఫోటో పంపమను. లోపలి వైపుది."