భాగహారానికి లొంగని నంబరు

రెండువేల రెండులో వాన మొగం చాటేసినప్పటి మాట. పామిడి పక్కనుండే ఆ ఊరికి విత్తనం శెనక్కాయల లారీ రేపు పొద్దున్నే వస్తాదని కబురొచ్చింది. మూటలు ఇంటింటికీ పంచే మనిషిని ఊరోళ్లే ఎంచుకోవల్ల. ఆ మనిషి తానే కావల్లని వీరప్పకు మహా కోరిక. పంచేటోని చుట్టూ ఊరంతా తిరగతాది కదా! అందుకే తిప్పేష్ టీ అంగడి కాడ కాలు మీద కాలేసుకొని గొప్పలు ఎత్తుకున్నాడు.

"లెక్కల్లో నన్ను మించినోడు లేడప్పా. మొన్న గుంతకల్లు బస్సులో ఒక లెక్చరరు నంబర్లు చెప్తాంటే, ఏది దేంతో భాగం పోతాదో టక్కున చెప్పేసినా."

"చెప్పింటావులే," అన్నాడు తిప్పేష్ గ్లాసు కడుగుతా.

ఆ మాట వీరప్పకు యాడా చాల్లేదు.

"అంతేననుకున్నారా? అప్పుడు నేనే ఒక నంబరు ఎత్తినా. ఒకటితో పోతాది, దాంతోనే అది పోతాది, ఇంక దేంతో భాగించినా శేషం మిగలాల్సిందే. ఎంత పొడుగనుకున్నారు? బస్సు గుత్తి దాటింది, గుంతకల్లు వచ్చింది, నేను సగం కూడా చెప్పలే! ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెన్నలో నీళ్లు యాడుండాయి, ఇసకే కదా, ఆ ఇసక మీద రాసినా. పామిడి బ్రిడ్జి కాడ మొదలుపెడితే తాడిపత్రి కాడ తేలింది! బెంగుళూరు నుంచి కంప్యూటరు తెచ్చినారు, భాగించబోయి పొగలు కక్కింది. మొన్న మబ్బొకటి వచ్చింది సూడు, అది కూడా పైనుంచి ఆ నంబరు చదవతా చదవతా కురిసేది మర్చిపోయి బళ్లారి పక్క పోయింది!"

"అందుకా మన చేలు ఎండింది!" అన్నాడు పక్కనే టీ తాగతాన్న ఈశ్వరప్ప. అందరూ పగలబడి నవ్వినారు. వీరప్ప దాన్ని మెప్పే అనుకున్నాడు. అప్పుడే మూటల మీద కూర్చున్నంత సంబరమాయె.

హనుమక్క మాత్రం నవ్వలే. పోయినేడు పంపకంలో మూట తక్కువొచ్చి సగం చేను బీడు పెట్టుకున్న మనిషి ఆమె.

"అంతా రాసినావు కదా వీరప్పా, అన్నిటికంటే కడాన ఏ అంకె వచ్చింది?"

వినేదానికి నిండుగా ఉంటాదని, "ఎనిమిది!" అన్నాడు వీరప్ప.

"కడాన ఎనిమిదుంటే ఆ నంబరు రెండుతో భాగం పోతాదే?"

వీరప్ప కాలు మీదున్న కాలు దించినాడు. "నోరు జారిందక్కా, ఎనిమిది కాదు, తొమ్మిది!" అన్నాడు.

"పెన్నంత పొడుగు నంబరును కూర్చున్నకాడే మారిస్తివి. మూటలు చేతికిస్తే ఇంకేం మారుస్తావో!"

ఈసారి ఎవరూ నవ్వలే. వీరప్పకు అదే ఎక్కువ గుచ్చుకునింది. పంచే పని ఊరోళ్లు ఈశ్వరప్పకు అప్పజెప్పినారు.

పొద్దున లారీ కాడ వరసలో నిలబడి, ముందున్న పుల్లన్న చెవిలో వీరప్ప గుసగుసలాడతాండాడు: "ఆ పని నేనే వద్దంటి పుల్లన్నా. ఆ నంబరు కోసం ఢిల్లీ నుంచి పిలుస్తాండారు, తీరిక యాడుండాది?"