ఫిలిప్ మైనస్ పది పెట్టిన రోజు

ఆదివారం ఆరాధన అయ్యాక ఇబ్రహీంపట్నంలో దానమ్మ టీ బడ్డీ ముందు బెంచీ ఖాళీగా ఉండదు. ఆ బెంచీకి నడుమ ఫిలిప్ ఉంటాడు. ఆ వారం ఎలీషా వచ్చేసరికే ఆయన గొంతు సవరించుకుంటున్నాడు. ఒక పక్క థర్మల్ స్టేషన్లో చేసి రిటైరైన బసవయ్య, ఇంకో పక్క మంగళగిరి నేత చొక్కా వేసుకున్న ఎవరో కొత్తాయన. ఎలీషా నిలబడే టీ అందుకున్నాడు.

ఫిలిప్ ఎలీషాకి గురువు. విజయవాడలో పరీక్షల ఫలితాల వెబ్‌సైటు నడిపే కంపెనీలో సర్వర్లు చూసుకునే పని నేర్పింది ఆయనే. తర్వాత ఎలీషా వేరే ఉద్యోగానికి వెళ్ళిపోయాడు. మొన్న వేసవిలో ఆ కంపెనీ మూతపడింది. "ఆఫర్లు వస్తున్నాయిరా, నేనే కాస్త రెస్టు తీసుకుంటున్నా" అన్నాడు ఫిలిప్. ఎలీషా నమ్మాడు.

"చిన్న సంగతేనండీ," అని మొదలెట్టాడు ఫిలిప్ కొత్తాయన వైపు తిరిగి. "రిజల్ట్స్ రోజు. సర్వర్ ఎద్దుబండిలా నడుస్తోంది. కంప్యూటర్లో మెమరీ అంటే ఈ బెంచీ అనుకోండి. చోటు చాలకపోతే లోపలుండి పెత్తనం చేసే కెర్నెల్ ఏం చేస్తుందీ, ఊరికే కూర్చున్నవాణ్ణి లేపి అదిగో, ఆ అవతలి గోడమీద కూర్చోబెడుతుంది. ఆ గోడ డిస్కు. మళ్ళీ వాడితో పనిపడితే అంతదూరం వెళ్ళి పిలుచుకురావాలి. ఆ నడకతోనే పొద్దు పోతుంది. ఎంత తొందరపడి లేపాలో చెప్పే సెట్టింగు ఒకటుంది, మామూలుగా అరవై. నేను పది చేశాను. సర్వర్ రయ్యిమంది."

"అంతేనా?" అన్నాడు బసవయ్య నిరాశగా.

"అంతే అయితే మీకెందుకు చెప్తాను బాబాయ్ గారూ! పదికే ఇలా పరిగెడితే సున్నాకి ఎలా ఉంటుందని పెట్టేశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పిల్లలు హాల్ టికెట్ నంబరు సగం కొట్టేసరికే మార్కులు వచ్చేస్తున్నాయి. పామర్రులో ఒకమ్మాయి ఇంకా ఫోనే తియ్యలేదు, బ్యాగులోంచి 'ఫస్ట్ క్లాసమ్మా' అని వినపడిందట!"

కొత్తాయనకి టీ పొలమారింది. ఆ నవ్వు చూసి ఫిలిప్ ముందుకు జరిగి కూర్చున్నాడు.

"సున్నాతో ఆగానా? మైనస్ పది పెట్టాను."

"మైనస్ ఉంటుందా అండీ?"

"ఉండదండీ. కెర్నెల్ కూడా అదే అంది. బతిమాలితే ఒప్పుకుంది. దాంతో మా సర్వర్ మెమరీ వాడటం మానేసి పుట్టించడం మొదలెట్టింది! పక్క బిల్డింగులకి పంచినా తరగదే! కరెంటు తీసుకోవడం పోయి వెనక్కి పంపుతోంది. ఏం బాబాయ్ గారూ, మీ థర్మల్ స్టేషన్లో ఆ రోజు గగ్గోలైందా లేదా?"

"ఆ రోజు నేను సెలవు," అన్నాడు బసవయ్య గంభీరంగా.

"ఆ మెమరీ నాకు కాస్త పొయ్యి బాబూ, ఎవరికి పంచదార వద్దో గుర్తుండి చావట్లేదు," అంది దానమ్మ.

"పోస్తా, ముందు ఇది విను. మా స్పీడు చూసి రాష్ట్రమంతా మా సైటు మీదే పడింది. మళ్ళీ చోటు చాల్లేదు. అలా పూర్తిగా నిండిపోతే కెర్నెల్ ఎవడో ఒకణ్ణి చంపేస్తుంది, మిగతావాళ్ళు బతకాలని. కత్తి పట్టుకుని నా ముందు నిలబడింది. 'ఫిలిప్ గారూ, ఏ ప్రోగ్రామ్‌ని వేసెయ్యమంటారు?' అంది. ఇదిగో, మన ఎలీషా గాడు బల్లకింద దూరి ప్రార్థన మొదలెట్టాడు. నేను మాత్రం లేచి, 'నా సర్వర్లో ఒక్క ప్రాణం పోవడానికి వీల్లేదు' అన్నాను. చావడం సంగతి దేవుడెరుగు, ఎప్పుడో చచ్చినవి కూడా లేచొచ్చాయి! నేను ఉద్యోగంలో చేరకముందు తీసేసిన ప్రోగ్రామ్ ఒకటి వచ్చి నాకు వందనాలు చెప్పింది!"

బెంచీ అంతా నవ్వింది. కొత్తాయన నవ్వుతూ ఎలీషా వైపు చూశాడు. ఆ చూపు ఎలీషాకి గుచ్చుకుంది.

"అన్నా, ఆ రోజు చచ్చింది మార్కులన్నీ ఉండే డేటాబేసే కదా," అన్నాడు. "నువ్వు సున్నా పెట్టాక కెర్నెల్ గోడమీదికి పంపడం మానేసి దాన్నే చంపింది. సాయంత్రం దాకా సైటు లేవలేదు. లేపింది నేను."

బసవయ్య తొడ చరిచి నవ్వాడు. దానమ్మ నవ్వింది. ఫిలిప్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. కొత్తాయన మాత్రం గ్లాసు కిందపెట్టి లేచి, "వస్తానండీ ఫిలిప్ గారూ. ఇంట్లో మాట్లాడి ఫోన్ చేస్తాను," అన్నాడు.

ఏదో తేడాగా అనిపించి ఎలీషా ఆటోల దాకా వెంట నడిచాడు.

"నా పేరు దేవేంద్రండీ. మంగళగిరి. మా చీరలు ఇప్పుడు సగం ఆన్‌లైన్లోనే అమ్ముతున్నాం. సర్వర్ చూసుకునే మనిషి కోసం అడిగితే ఈయన పేరు చెప్పారు."

ఎలీషా కాళ్ళు ఆగిపోయాయి. "అయ్యో, చాలా పనిమంతుడండీ! అవన్నీ సరదాకి కోసే కోతలు..."

"కోతలని నాకూ తెలుసండీ. ఇంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆయన్నే పెట్టుకుందామనుకున్నాను కూడా. కానీ మీరు చెప్పింది కోత కాదు కదా."

"ఈ పనిలో ఒక్కసారైనా సర్వర్ ఆపనివాడు ఉండడండీ. నేనూ ఆపాను."

"ఉండొచ్చండీ. దసరా అమ్మకాలప్పుడు సైటు ఆగితే మగ్గాల వాళ్ళకి నేనేం చెప్పను?" అంటూ ఆయన ఆటో ఎక్కాడు.

వెనక్కి వచ్చేసరికి ఫిలిప్ ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఒక్క మాట ముందే చెప్పుంటే నోరు మూసుకునేవాణ్ణి కదన్నా!"

"పని నేర్పినవాణ్ణి. పని కోసం తిరుగుతున్నానని నీతో ఎలా చెప్పన్రా?" అన్నాడు ఫిలిప్. ఖాళీ గ్లాసు పక్కన పెట్టి, "నువ్వు చెప్పింది నిజమేగా," అన్నాడు. ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది ఎలీషాకి.

మర్నాడే ఎలీషా దేవేంద్రకి ఫోన్ చేశాడు. ఆ ఒక్క రోజు తప్ప మళ్ళీ ఏ రిజల్ట్స్‌కీ ఫిలిప్ సైటు ఆగనివ్వలేదని, ఆ సంగతి తను నిన్ననే చెప్పి ఉండాల్సిందని గబగబా అన్నాడు. "వేరే అబ్బాయిని అనుకున్నామండీ," అన్నాడు దేవేంద్ర మర్యాదగా.

తర్వాతి ఆదివారం బసవయ్య అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. "ఏమోయ్ ఫిలిప్, ఆ మైనస్ పది సంగతి మావాడికి చెప్పవయ్యా!"

"ఏముంది బాబాయ్ గారూ," అన్నాడు ఫిలిప్. "ఒక సెట్టింగు మార్చాను. సర్వర్‌కి పడలేదు. మళ్ళీ మామూలుగా పెట్టేశాను."

అల్లుడు మిగతాది వస్తుందని నవ్వుమొహంతో చూస్తూనే ఉన్నాడు. ఒక్క అబద్ధం ఆడన్నా, ఒక్కటంటే ఒక్కటి, అని ఎలీషా మనసులోనే బతిమాలుకున్నాడు.

ఫిలిప్ ఆడలేదు.