అమ్మ చేతికిచ్చే పొట్లం

గిన్నెలు, గొడుగులు, శాలువాలు, గోడ గడియారాలు అమ్మే కొట్టు. మిట్టమధ్యాహ్నం. తండ్రి, కూతురు.

“అది కింద పెట్టు నాన్నా. శాలువా వద్దు.”

“ఎందుకొద్దు? మెత్తగా ఉంది. ఈమధ్య చలికి వణుకుతోంది కదా మీ అమ్మ.”

“అందుకే వద్దు. నాకు చలేస్తోందని నీకెవరు చెప్పారు అంటుంది. ఏమీ చూడనట్టు ఉండాలని నువ్వే కదా అన్నావు.”

“అన్నాను, అన్నాను. సరే, ఈ గొడుగు?”

“గొడుగు పోయినేడాది ఇచ్చావు.”

“పోయినేడాది టార్చిలైటు కదా?”

“టార్చిలైటు అంతకుముందేడాది. దానికి ముందు నిచ్చెన.”

“నిచ్చెన ఇంటికి పనికొచ్చేదే.”

“లిఫ్టులు బాగుచేసేది నువ్వు. నిచ్చెనెక్కేది నువ్వు. పుట్టినరోజేమో అమ్మది. మనం దానికి మూడు దుప్పట్లు చుట్టి తెస్తే, పైనుంచి ఒక్కసారి తడిమి, ‘మీ నాన్న పాత నిచ్చెన ఎక్కడో మర్చిపోయి వచ్చాడు’ అంది.”

“నిజంగానే మర్చిపోయాను.”

“అదే చెప్తున్నా. ఇరవై రెండేళ్లు పోస్టాఫీసులో పార్సిళ్లు తూచిన చెయ్యి. దాని దగ్గర ఏదీ దాగదు.”

“నాకు తెలీదా? పొట్లం ఇటు తిప్పుతుంది, అటు తిప్పుతుంది. లోపల ఏముందో చెప్తుంది. ఆ తర్వాత ఎందుకిచ్చామో చెప్తుంది. విప్పడం ఎప్పుడూ ఆఖర్నే.”

“నేను పరీక్ష తప్పిన ఏడు మంచి సెంటుసీసా కొన్నాను. చేతిలోకి తీసుకుంది. ‘సెంటు. ఎన్ని సబ్జెక్టులు పోయాయి?’ అంది.”

“రేపు పొద్దున్న ఏమంటుందో. తల్చుకుంటేనే భయమేస్తోంది తల్లీ. పన్నెండో అంతస్తులో తాడు పట్టుకుని వేలాడినప్పుడు కూడా ఇంత భయం వెయ్యలేదు.”

“నాకు మాత్రం లేదా భయం? పొద్దున్న డాక్టరుగారు మళ్లీ ఫోన్ చేశారు.”

“మెల్లగా మాట్లాడు.”

“ఇంకా ఎన్నాళ్లు దాస్తారమ్మా అని అడిగారు.”

“పుట్టినరోజు వెళ్లనివ్వండి అని చెప్పాంగా.”

“ఆర్నెల్లు అన్నారు నాన్నా. మహా అయితే ఆర్నెల్లు. అందులో పదిహేను రోజులు మనం దాచిపెట్టడంలోనే అయిపోయాయి.”

“మెల్లగా అన్నానా.”

“ఇక్కడ వినేదెవరు? గిన్నెలా?”

“మీ పెద్దమ్మ సంగతి మర్చిపోయావా నువ్వు? రిపోర్టు తెచ్చి చేతికిచ్చారు. ఆ రోజు నుంచి అన్నం ముట్టలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. రోగం తినకముందే భయం తినేసింది ఆవిడని. నెల తిరక్కుండా పోయింది. మీ అమ్మ దగ్గరుండి చూసింది అదంతా.”

“అమ్మ పెద్దమ్మ కాదు.”

“అక్కచెల్లెళ్లేగా. కడుపులో పుండు అని చెప్పాం, నమ్మింది. నమ్మింది కాబట్టే మాత్రలు వేసుకుంటోంది, నన్ను తిడుతోంది, టీవీ చూసి నవ్వుతోంది. ఆ నవ్వు కాస్తా పోతే ఇంట్లో ఒక్క పూట ఉండలేను నేను.”

“ఎవరికమ్మా? ఏం చూపించమంటారు?”

“మా అమ్మకండీ. రేపు పుట్టినరోజు.”

“అయితే ఈ గడియారం చూడండి. తీసుకెళ్లి గోడకి తగిలించండి, మళ్లీ దాని జోలికి వెళ్లక్కర్లేదు. పదేళ్ల గ్యారంటీ. పదేళ్లూ మీ అమ్మగారు టైము చూసుకున్నప్పుడల్లా మిమ్మల్ని తల్చుకుంటారు.”

“పదేళ్లా!”

“ఏమైందమ్మా? సారు అటు తిరిగిపోయారు?”

“కంట్లో దుమ్ము పడింది ఆయనకి. గ్యారంటీ లేనివి ఏమున్నాయో చూపిస్తారా?”

“లేనివా? ఇరవై ఏళ్ల నుంచి కొట్టు నడుపుతున్నా, గ్యారంటీ లేనివి కావాలని అడిగింది మీరేనమ్మా. ఉండండి, లోపలున్నాయి, తెస్తా.”

“నాన్నా, ఇటు తిరుగు. ఏడవకు. నీ మొహం చూస్తే చాలు అమ్మకి, పొట్లం కూడా అక్కర్లేదు.”

“ఇంట్లో మామూలుగానే ఉంటున్నా కదే.”

“మామూలుగానా? కప్పులు కడుగుతున్నావు.”

“ఏదో ఒకటీ రెండూ.”

“మొన్న అమ్మ తిడితే ‘అవును, తప్పు నాదే’ అన్నావు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాట ఎప్పుడైనా అన్నావా? గరిట పట్టుకుని నిన్నే చూస్తూ నిలబడిపోయింది.”

“మరేమనమంటావు?”

“ఎదురు మాట్లాడు. ఎప్పట్లా విసుక్కో.”

“నోరు రావట్లేదు తల్లీ. విసుక్కుందామని మొహం చూస్తాను, బుగ్గలు లోపలికిపోయి కనిపిస్తాయి. ఇంకేం విసుక్కుంటాను. నీ సంగతి చెప్పు, నువ్వు మాత్రం సరిగ్గా ఉంటున్నావా?”

“లేను. నిన్న నాకు తల దువ్వుతూ, ‘ఏమే, నువ్వు నా మొహంలోకి చూసి ఎన్నాళ్లయిందే’ అంది.”

“అయ్యో. నువ్వేమన్నావు?”

“స్టవ్ మీద ఏదో మాడుతోందని లేచిపోయాను. స్టవ్ మీద ఏమీ లేదు. స్టవ్వే వెలిగించలేదు.”

“మనిద్దరం కలిసి చెప్పేసేట్టున్నాం.”

“జేబులో ఏంటది?”

“ఎక్కడ?”

“చొక్కా జేబులో. ఇంట్లో బయల్దేరిన దగ్గర్నుంచి దాని మీద నుంచి చెయ్యి తియ్యట్లేదు నువ్వు.”

“తాళాలు.”

“తాళాలు నా సంచిలో ఉన్నాయి.”

“వేరే తాళాలు.”

“నాన్నా.”

“ఉంగరం.”

“ఏ ఉంగరం?”

“మూడు రాళ్లది. నువ్వప్పుడు ఇంతున్నావు. ఒక కొట్లో వేలికి పెట్టుకుని, ఇటూ అటూ తిప్పి చూసుకుని తీసేసింది. ‘రాళ్ల మధ్య సబ్బు ఇరుక్కుంటుంది, ఎవరు తోముతారు’ అంది. సబ్బు కోసం కాదని నాకప్పుడే తెలుసు. అలాంటిదే చేయించాను.”

“దేవుడా. అది చేతికిస్తే మొత్తం చెప్పేసినట్టే. నిచ్చెనలిచ్చే మనిషి ఉన్నట్టుండి ఉంగరమిస్తే ఏమనుకుంటుంది?”

“తెలుసు. తెలిసే చేయించాను. ఇప్పుడివ్వకపోతే ఇంకెప్పుడివ్వను చెప్పు? ఎప్పుడివ్వను?”

“ఏడవకు నాన్నా, ఆయన వస్తున్నట్టున్నాడు.”

“ఇంకోటుంది. నీకు చెప్పలేదు. కొలత పాతది ఇచ్చాను. నిన్న మధ్యాహ్నం తను నిద్రపోతుంటే మెల్లగా వేలికి పెట్టి చూశాను. నిలవలేదు. వేళ్లు అంత సన్నబడిపోయాయి. జారి గచ్చు మీద పడి, దొర్లుకుంటూ మంచం కిందకి పోయింది.”

“అమ్మ లేచిందా?”

“లేవలేదు. అటు తిరిగి పడుకుంది.”

“పక్కింట్లో చెంచా పడితే లేచే మనిషి, లేవలేదా?”

“మాత్రల మత్తు.”

“మత్తేనంటావా?”

“మత్తే. మత్తే అనుకో. ఇంకోటి అనుకోడానికి నాకు ధైర్యం లేదు.”

“ఇవిగోనమ్మా. బకెట్లు, సబ్బుపెట్టెలు, చాటలు. ఏ గ్యారంటీ లేదు, దేనికీ లేదు.”

“ఆ బకెట్ ఇవ్వండి. ఎర్రది.”

“పుట్టినరోజుకి బకెట్టామ్మా?”

“మా ఇంట్లో అంతేనండీ.”

“సరే మీ ఇష్టం. రంగు కాగితం చుట్టమంటారా?”

“వద్దు. పాత పేపరు చాలు.”

“తల్లీ, బకెట్ ఎందుకిచ్చావని అడిగితే?”

“పాతది నువ్వు పగలగొట్టావు.”

“నేను పగలగొట్టలేదే.”

“ఇంటికెళ్లాక పగలగొడతావు. గట్టిగా తన్ను. అమ్మ తిడుతుంది, నువ్వు తిరిగి కేకలెయ్యి. పొట్లం చూసి, ‘బకెట్. పాతది పగలగొట్టినందుకు’ అంటుంది. మనం నవ్వుతాం. రేపు గడుస్తుంది.”

“రేపు గడుస్తుందంటావా?”

“గడవాలి నాన్నా. ఉండు, ఫోను. అమ్మ.”

“ఎత్తకు.”

“ఎత్తకపోతే ఇంకా అనుమానమొస్తుంది.”

“స్పీకర్లో పెట్టు. నేను లేనని చెప్పు. పనిలోకి వెళ్లానని చెప్పు.”

“హలో, అమ్మా.”

“ఎక్కడే? ఎంతసేపే?”

“ఊరికే బజారుకొచ్చానమ్మా.”

“మీ నాన్న ఉన్నాడా అక్కడ?”

“లేడే. పనిలోకి వెళ్లాడు.”

“సరే, లేకపోతే లేడు. గిన్నెల చప్పుడు వినిపిస్తోంది, రేపటికోసమేగా?”

“ఆ… అంటే, ఊరికే చూస్తున్నాను.”

“ఏవో ఒకటి మోసుకురాకండి. ఈసారి నాకేం కావాలో నేనే చెప్తాను. అన్నం గిన్నె తీసుకో. మూత గట్టిగా పట్టేది చూడు.”

“అన్నం గిన్నా? అంతేనా?”

“అంతే.”

“అంతేనట తల్లీ. తనకేమీ తెలీదు. ఏమీ తెలీదు.”

“ష్, వినిపిస్తుంది నాన్నా.”

“ఏంటే గుసగుసలు?”

“కొట్టాయనమ్మా. ఉన్న గిన్నె బాగానే ఉందిగా? పోయినేడే కదా కొన్నాం.”

“బాగానే ఉంది. కానీ పెద్దది. ముగ్గురి వంట దాన్లో.”

“మనం ముగ్గురమేగా అమ్మా.”

“ఇద్దరికి సరిపోయేది తీసుకో. రేపటిదాకా ఆగకుండా ఇవాళే తెచ్చెయ్యండి, నీళ్లెన్ని పొయ్యాలో మీ నాన్నకి నేను దగ్గరుండి నేర్పాలి.”