ఎనకనుంచి పిలిచే సావిడి

ఒరే, ఆ లాంతరు ఇటు పెట్టి దగ్గరకి జరగండి. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగలో తుప్పట్టిన రేకుల సావిడొకటుంది కదా, పట్టపగలే అటు ఎవరూ పోరు, మేక తప్పిపోయినా అటేపు ఎతకరు, ఎందుకో తెలుసా? మీకేటి తెలుస్తది, ఫోన్లు సూసుకోడం తప్ప.

అది ఎనకటి ప్రపంచ యుద్ధం నాడు తెల్లదొరలు కట్టించింది, నీటిమీద వాలే ఇమానాలకి ఇల్లు. లోపల ఒక్క స్తంభం లేదు, కప్పంతా ఇనప దూలాలమీదే నిలబడింది, ముందరేపు గోడ బదులు తలుపే, రెండు రెక్కలు, కింద పట్టాలు, పట్టాలమీద సక్రాలు, ఒక్కో రెక్కని పల్లె పల్లెంతా కలిసి తొయ్యాల. సావిడి ముందునుంచి ఏట్లోకి సిమెంటు వాలు. ఇమానం నీటిమీద వాలిందంటే మనోళ్ళు రొమ్ములోతుకి దిగి, దాని కడుపుకి సక్రాలు తగిలించి, మోకులేసి హైలెస్సా అని పైకి లాగీవోరు. అలా లాగినోళ్ళలో ఎల్లాజీ ఒకడు, కొర్లమ్మ మొగుడు.

ఒకనాడు పొద్దుగూకేయేళ తలుపు మూస్తన్నారు, అప్పుడు ఎల్లాజీ భుజాన మోకు సుట్ట ఏసుకుని లోపలికి నడిసేడు. ఆ సుట్ట అడ్డమై పక్కనుంచొచ్చే రెక్క ఆడికి కనపళ్ళేదు, తోసీవోళ్ళకి ఆడూ కనపళ్ళేదు. గంజిముంతతో ఎనకాల నిలబడ్డ కొర్లమ్మకి మాత్రం అన్నీ కనపడ్డాయి. పిలుద్దామని నోరు తెరిసింది. మరి పనికి అడుగేసిన మగోడిని ఎనకనుంచి పిలిస్తే ఇంటికి తిరిగిరాడని కదా మన పల్లె నమ్మకం, అది గుర్తొచ్చి నోరు నొక్కుకుంది. రెక్కా రెక్కా కలిసేయి. మధ్యన ఆడు.

అయ్యో, ఆ పిల్ల బతుకు! సంకలో పసిగుడ్డు, ఆడే అసిరయ్య.

ఆ తరవాత నుంచి అటెళ్ళినోళ్ళని ఎనకనుంచి పేరుపెట్టి ఎవరో పిలిచీవోరు. గొంతు ఎల్లాజీదే. తోడుకి పిలుస్తన్నాడని పల్లె అనుకుంది, కొర్లమ్మా అనుకుంది, అందుకే కొడుక్కి పాలతోపాటే నూరిపోసింది, అక్కడ ఎవరు పిలిచినా తిరక్కు, ఆగకు, మీ అయ్యైనా సరే అని.

అసిరయ్య పెరిగి ఎల్డింగు పని నేర్చాడు, తలకాయి నెరిసింది. అప్పుడొచ్చారు పాత కట్టడాలు కాపాడతామని ఆఫీసరు బాబులు. ఇలాటి సావిళ్ళు ఎక్కడా మిగల్లేదంట, తలుపు ఎనకటిలాగే నడవాలంట. ఆ పని అసిరయ్య ఒప్పుకున్నాడు. వద్దురా అని కొర్లమ్మ ఆడి కాళ్ళమీద పడి ఏడ్చింది. మా అయ్యని తిన్న తలుపు, నా సేత్తోనే దాన్ని మంచి సేస్తానమ్మా, అన్నాడంట ఆడు. సక్రాలు మార్చాడు, పట్టాలు తోమాడు. పైన రెక్కని పట్టుకునుండే కొక్కేలకి రంగేస్తే కొత్తవాటిలాగ మెరిశాయి, బాగున్నాయనుకున్నాడు. లోపలంతా తుప్పు తినేసిందని ఎవరికి తెలుసు?

తలుపు కదిపే రోజొచ్చింది. కొర్లమ్మ వాలుమీద నిలబడి సూస్తంది, అసిరయ్య లోపల్నుంచి గుమ్మంకేసి నడిసొస్తన్నాడు. ఇంతలో ఆడి ఎనకనుంచి, ఖాళీ సావిట్లోనుంచి, “అసిరీ! ఆగరా!” అని కేక. అందరూ ఇన్నారు. తోసీవోళ్ళ సేతులు జారిపోయాయి. అసిరయ్య గుమ్మంలోపలే ఆగేడు. ఆగేడ్రా! ఆ గొంతు కొర్లమ్మ మరుస్తదా? కొడుకుని తోడుకి పిలుస్తన్నాడనుకుని అరిసింది, “ఆగకురా నా తండ్రీ, తిరక్కు, నాకాడికొచ్చీ!”

అమ్మ మాట జవదాటని బిడ్డ. గుమ్మం దాటి అడుగేసేడు. పైన కొక్కెం తెగింది, రెక్కంతా వాలుమీదకి ఒరిగి ఆడిమీద పడింది. ఆడు అంతకుముందు ఆగిన సోట ఒక్క రేకుముక్క పళ్ళేదు.

అప్పుడు తెలిసింది ఆ తల్లికి. ఇన్నేళ్ళూ ఎల్లాజీ తోడుకి పిలవలేదు. ఆనాడు ఆడిని ఆపడానికి ఎవరూ పిలవని పిలుపే అందరికీ పిలుస్తన్నాడు.

ఆ తరవాత బతికినన్నాళ్ళూ సాయంత్రమైతే కొర్లమ్మ ఆ గుమ్మంలో అటూ ఇటూ నడిసీది, నన్నూ ఒక్కసారి పిలవయ్యా అని ఏడ్చీది. ఆమెని మాత్రం పిలవలేదు.

అందుకే సెప్తన్నాను, అటు పోకండి. కాదని పోయినోళ్ళు, ఎనకనుంచి పేరు ఇనపడితే ఆగి సావండి. రెండో రెక్క ఇంకా పళ్ళేదు. లెగండి, కూడు సల్లారిపోతంది.